కొలత రాణిది, ఖర్చు అధికారిది

(విక్టోరియా రాణి కాలం నాటి బ్రిటిష్ పదాతిదళ అధికారి కత్తి గురించి హైదరాబాదులో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. గడ్డం గీసుకునే బ్లేడు పొట్లం మీద విల్కిన్సన్ స్వోర్డ్ అన్న పేరు, అడ్డంగా పెట్టిన రెండు కత్తుల గుర్తు మీలో ఎంతమంది చూశారు? చాలా చేతులే లేచాయి. ఆ కత్తులు అందానికి వేసినవి కావు. ఆ సంస్థ నిజంగానే కత్తులు చేసింది. అంతకు ముందు తుపాకులు చేసింది. 1772లో లండన్‌లో హెన్రీ నాక్ అనే తుపాకుల పనివాడు పెట్టిన దుకాణం అది. 1804లో ఆయన పోయాక అల్లుడు జేమ్స్ విల్కిన్సన్ చేతికి వచ్చింది. జేమ్స్ కొడుకు హెన్రీ 1840ల నడుమ కత్తుల పని మొదలుపెట్టాడు. అప్పటికి దుకాణం పాల్ మాల్ వీధిలో 27వ నంబరు ఇంట్లో ఉంది. ఈ హెన్రీ విల్కిన్సన్ పేరు గుర్తుపెట్టుకోండి, ఈ సాయంత్రం చాలాసార్లు వస్తుంది.

ఇక తెర మీది బొమ్మ చూడండి. దీన్ని 1845 నమూనా అంటారు. పదాతిదళ అధికారి కత్తి. అలుగు, అంటే పిడి కాక మిగిలిన ఉక్కు భాగం, పొడవు 32.5 అంగుళాలు, సుమారు 82 సెంటీమీటర్లు. పిడి దగ్గర వెడల్పు అంగుళం పైచిలుకు. కొద్దిపాటి వంపు, ఒక పక్కనే వాదర, అంటే పదును అంచు. ఒర తీసేస్తే బరువు కిలో కూడా ఉండదు. సినిమాల్లో కథానాయకుడు కత్తి ఎత్తడానికి కండలు బిగించి, దవడలు బిగించి పడే పాట్లు చూసిన వాళ్లకు ఇది నమ్మబుద్ధి కాదు. (నవ్వులు) కానీ అసలైన కత్తి చేతికి తేలికగా ఉండాలి. లేకపోతే రెండో దెబ్బకు చెయ్యి లేవదు, మూడో దెబ్బకు మనిషే ఉండడు.

ఈ కత్తి గురించి నేను చెప్పదలచుకున్నది నిజానికి ఒక్కటే సంగతి. మామూలు సిపాయికి ఆయుధం సర్కారు ఇచ్చేది. అధికారి మాత్రం తన కత్తిని తన డబ్బుతో కొనుక్కోవాలి. 1871 దాకా బ్రిటిష్ సైన్యంలో ఉద్యోగమే కొనుక్కునే పద్ధతి ఉండేదని మీకు తెలుసు. పదాతిదళంలో అన్నిటికన్నా కింది అధికారి హోదాకు సర్కారు కట్టిన ధర 450 పౌండ్లు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అలా హోదాలు అమ్మేవారు కారు, అక్కడ సిఫారసులు నడిచేవి. అయినా కత్తి మాత్రం అక్కడా సొంత ఖర్చే. మరి సర్కారు ఏం చేసేదంటే, ఆ కత్తి చూడటానికి ఎలా ఉండాలో రాసిపెట్టేది. పిడి ఏ ఆకారం, దాని మీద రాణి పేరులోని అక్షరాలు ఎక్కడ, ఒర తోలుదా ఇత్తడిదా, కుచ్చు ఏ రంగు, అలుగు ఎంత పొడవు, అన్నీ కాగితం మీద ఉండేవి. ఉక్కు ఎంత మంచిదై ఉండాలి, ఎంత వంచితే విరగకుండా ఉండాలి అన్నది మాత్రం కొనేవాడికీ చేసేవాడికీ వదిలేసింది. వరుసలో నిలబెడితే వంద కత్తులూ ఒకేలా కనిపించాలి, అంతవరకే దొరల పట్టింపు. ఆ వందలో ప్రాణం కాపాడేవి ఎన్ని, పెళ్లి ఊరేగింపుకు మాత్రమే పనికొచ్చేవి ఎన్ని అన్నది యుద్ధంలోనే తేలాలి.

ఈ పిడి 1822 నాటిది. ఇత్తడి కమ్మీలతో సగం బుట్టలా ఉండి, కమ్మీల మధ్య కోలగా ఒక చట్రం, అందులో రాజు లేదా రాణి పేరు అక్షరాలు, పైన కిరీటం. విక్టోరియా 1837లో గద్దె ఎక్కాక చేసిన వాటి మీద వీ, ఆర్ (విక్టోరియా రెజీనా, అంటే విక్టోరియా రాణి) అన్న రెండు అక్షరాలు పెనవేసుకుని ఉంటాయి. కమ్మీల వంపులు పాత చర్చిల కిటికీలను తలపిస్తాయని సేకర్తలు దీన్ని గోథిక్ పిడి అని పిలుస్తారు. అందంగా ఉంటుంది, కాదనను. కానీ నాకు ఈ పిడి అంటే పెద్ద గౌరవం లేదు. ఇత్తడి మెత్తటి లోహం. సన్నటి కమ్మీలు. మధ్యలో ఖాళీలు. ఎదుటివాడి చేతిలో మంచి తల్వారు ఉంటే ఆ కమ్మీలు ఎంతసేపు ఆగుతాయో మీరే ఊహించండి. దీనికి ఎడమ పక్కన మడత పడే చిన్న రేకు కూడా ఉండేది. కత్తి నడుముకు వేలాడుతున్నప్పుడు పిడి కోటుకు రాసుకుని బట్ట చిరగకుండా ఆ రేకును లోపలికి మడిచేవారు. అంటే చేతికి అడ్డుగా ఉండాల్సిన ముక్కను దర్జీ సౌకర్యం కోసం మడత బిళ్లగా మార్చారన్నమాట. వాడగా వాడగా అది వదులై లొడలొడలాడేది. 1854లో ఆ రేకును మాన్పించారు.

అలుగు కథ ఇంకాస్త మెరుగు. 1822లో పిడితోపాటు వచ్చిన అలుగుకు వెన్ను పొడుగునా ఒక గుండ్రటి కడ్డీ ఉండేది. గొట్టపు వెన్ను అలుగు అంటారు. పొడవడానికి గట్టిగా ఉంటుందని దాన్ని పెట్టారు. నరికితే అలుగు కొంత దూరం లోపలికి దిగి, ఆ కడ్డీ దగ్గర ఆగిపోయేది. పైగా కడ్డీకీ వాదరకూ మధ్య లోహం మరీ పల్చన. పొడవడానికీ నరకడానికీ ఒకే ఆయుధం కావాలన్న కోరిక ఉంది చూశారూ, ఆ శతాబ్దంలో కత్తి నమూనా మార్చిన ప్రతిసారీ దాని వెనక ఉన్నది ఆ కోరికే.

1845లో హెన్రీ విల్కిన్సన్ రూపొందించిన అలుగును సైన్యం ఒప్పుకుంది. ఇందులో కడ్డీ లేదు. వెన్ను బల్లపరుపుగా ఉంటుంది, రెండు పక్కలా వెడల్పాటి గాడి ఒకటి మొనకు కొంత ముందు దాకా సాగుతుంది. ఈ గాడి నెత్తురు కారడానికి అని చాలామంది నమ్ముతారు. మన దగ్గరా అదే మాట వింటాను. అది వట్టి కట్టుకథ. గాడి వల్ల బరువు తగ్గుతుంది, గట్టిదనం మాత్రం పెద్దగా తగ్గదు. రైలు పట్టాను అడ్డంగా కోసి చూస్తే నడుము సన్నగా, పైనా కిందా లావుగా ఉంటుంది కదా, అదే లెక్క. లోహం ఎక్కడ అవసరమో అక్కడ ఉంచి, అవసరం లేని చోట తీసేయడం.

అసలు పనితనం గాడిలో కంటే మందంలో ఉంది. అది ఫోటోలో కనిపించదు, అందుకే ఫోటో చూసి కత్తి కొనేవాళ్లు మోసపోతారు. మంచి అలుగు పిడి దగ్గర మందంగా మొదలై మొన వైపు పోతున్న కొద్దీ క్రమంగా పల్చబడుతుంది. మొదట్లో ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లు ఉంటే, చివర్లో రెండు మూడు. పిడి దగ్గరి మందం ఎదుటివాడి దెబ్బను ఆపుతుంది. మొన దగ్గరి పల్చదనం మన దెబ్బకు చురుకు ఇస్తుంది. పల్చబడే తీరు సరిగ్గా కుదరకపోతే అదే పొడవు, అదే బరువు ఉన్న కత్తి కూడా చేతిలో ఇనుప గొట్టంలా ఉంటుంది. చౌక కత్తుల్లో చాలావరకు ఇదే లోపం. అలుగు మొదటినుంచి చివరిదాకా దాదాపు ఒకే మందం, ఎందుకంటే అలా చేస్తే పని తక్కువ.

ఇది ఎలా తయారయ్యేదో చూద్దాం. కొలిమి, దాగలి, సమ్మెట, పట్టుకారు, ఇవి మనకు తెలియనివి కావు. ఉక్కు షెఫీల్డ్ ఊరినుంచి వచ్చేది. బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు 1740లలో అక్కడ మట్టి మూసల్లో ఉక్కును పూర్తిగా కరిగించే పద్ధతి పట్టుకున్నాడు. తన గడియారాల స్ప్రింగులకు నికరమైన ఉక్కు దొరకడం లేదన్నదే ఆయన బాధ. నూరేళ్ల తర్వాత కత్తులకు ఆ ఉక్కే ఆధారమైంది. రెండు కత్తులకు సరిపడే కడ్డీ ఒకటి తెచ్చి, మధ్యకు నరికి, ఒక్కో ముక్కను కాల్చి సమ్మెటతో సాగదీసేవారు. పిడిలోకి దిగే తోకకు మాత్రం ఉక్కు కాకుండా మెత్తటి ఇనుప ముక్కను కొలిమిలో అతికేవారు. తోక గట్టిగా ఉండి పెళుసైతే ఠక్కున విరుగుతుంది, మెత్తగా ఉంటే వంగి ఊరుకుంటుంది. పైగా పిడి బిగించాక తోక కొసను పిడి చివర బొడిపె మీద సుత్తితో కొట్టి తలలా పరచాలి. గట్టి ఉక్కు అయితే ఆ పని సాగదు.

తర్వాత అచ్చుల మధ్య కొట్టి గాడి దింపడం. ఆ తర్వాత అసలు గండం. అలుగును సమంగా ఎర్రబడేలా కాల్చి నూనెలో ముంచాలి. ఒక పక్క ముందు చల్లారితే చాలు, అలుగు పాములా మెలి తిరుగుతుంది. తీశాక అది గాజంత పెళుసు. మళ్లీ సన్నటి సెగ మీద కాచి ఆ పెళుసును విరవాలి. అప్పట్లో ఉష్ణోగ్రత కొలిచే సాధనం పనివాడి కన్నే. శుభ్రం చేసిన ఉక్కును కాస్తుంటే ముందు లేత గడ్డి రంగు వస్తుంది, తర్వాత గోధుమ, తర్వాత ఊదా, ఆ తర్వాత నీలం. గడ్డి రంగు దగ్గర, అంటే సుమారు 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆపితే వాదర బాగా నిలుస్తుంది, కానీ అలుగు విరిగే ప్రమాదం ఉంటుంది. 300 డిగ్రీల దగ్గర నీలం రంగులో ఆపితే స్ప్రింగులా వంగి లేస్తుంది. గడ్డం కత్తికి మొదటిది, యుద్ధం కత్తికి రెండోది. ఆ రంగులు కొన్ని క్షణాల్లో మారిపోతాయి. ఒక పనివాడు రోజంతా ఆ రంగుల మార్పు చూస్తూ నిలబడేవాడు. ఆ పనివాళ్ల పేర్లు కత్తి మీద ఎక్కడా ఉండవు.

సానరాళ్ల దగ్గర పరిస్థితి ఇంకా ఘోరం. మనిషి ఎత్తు రాళ్లు గిరగిర తిరుగుతుంటే వాటి మీదికి వంగి అలుగు అరగదీసేవారు. రాయి ఒక్కోసారి పగిలి ఎగిరిపడేది. ఆ దుమ్ము పీల్చి షెఫీల్డ్ సానపనివాళ్లు నడివయసు రాకుండానే ఊపిరితిత్తుల జబ్బుతో పోయేవారు. పిడికి బంగారు పూత వేసేవాళ్ల కథా అలాంటిదే. బంగారాన్ని పాదరసంలో కలిపి ఇత్తడి మీద పూసి కాల్చితే పాదరసం ఆవిరై పోయి బంగారం అంటుకుని ఉంటుంది. ఆ ఆవిరి పోయేది ఎక్కడికి? పనివాడి ఒంట్లోకే. చేతులు వణకడం, పళ్లు ఊడటం, చివరికి మతి చెడటం. బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ సంస్థవారు విద్యుత్తుతో పూత వేసే పద్ధతికి 1840లో పేటెంటు తీసుకున్నాక ఈ ముప్పు మెల్లగా తగ్గుతూ వచ్చింది. పాదరసం పూత దళసరిగా, వెచ్చటి రంగుతో ఎక్కువ కాలం నిలిచేది. విద్యుత్ పూత పల్చన. సేకర్తలు పాత పూతకే ఎక్కువ ధర కడతారు. ఆ ధరలో ఏమేమి కలిసి ఉన్నాయో వాళ్లు ఆలోచిస్తారని నేను అనుకోను.

చేతితో పట్టుకునే చోట లోపల చెక్క, దాని మీద టేకు చేప జాతి చర్మం. దాని మీద సహజంగానే చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి. చెమట పట్టినా, నెత్తురు తడిసినా చెయ్యి జారదు. ఆ చర్మం మీద గాళ్లలో ఇమిడేలా మెలి తిప్పిన తీగ చుట్టేవారు. ఈ కత్తి మొత్తంలో అందమూ పనీ పూర్తిగా ఒక్కటైన చోటు ఇదేనని నా అభిప్రాయం.

అలుగు మీద లతలు, కిరీటం, రాణి అక్షరాలు, కొన్నిటి మీద యజమాని వంశచిహ్నం కనిపిస్తాయి కదా, అవి ఉలితో చెక్కినవి కావు. తారు, మైనం వంటిది పూసి, కావలసిన చోట గీకి, ఆమ్లం పోస్తే బయటపడ్డ లోహాన్ని అది కొద్దిగా తినేస్తుంది. వెంట్రుక మందం కూడా లోతు ఉండదు. ఇక్కడే మీరు ఒక జాగ్రత్త పడాలి. అలుగు మీద ఉన్న పేరు చాలాసార్లు చేసినవాడిది కాదు, అమ్మినవాడిది. కొత్తగా హోదా పొందిన కుర్రవాడు లండన్‌లో సైనిక దుస్తులు కుట్టే దర్జీ దగ్గరికి పోయేవాడు. టోపీ, కోటు, నడుంపట్టీ, వాటితోపాటే కత్తి. దర్జీ ఆ కత్తిని బర్మింగ్‌హామ్‌లోనో జర్మనీలోని సోలింగెన్‌లోనో చేయించి తన పేరు వేయించుకునేవాడు. కొలతలన్నీ నిబంధన ప్రకారమే ఉండేవి. దాని ఉక్కును వంచి చూసింది ఎవరు? ఎవరూ లేరు.

హెన్రీ విల్కిన్సన్ తెలివి ఇక్కడ చూడండి. ప్రతి అలుగునూ పరీక్షించే వ్యవస్థ పెట్టాడు. వంచి వదిలితే తిన్నగా రావాలి. వాదర పక్క, వెన్ను పక్క, బల్లపరుపు పక్క గట్టి దిమ్మ మీద కొట్టి చూడాలి. మనిషి చేతి దెబ్బను అనుకరించే యంత్రం ఒకటి తయారు చేయించాడు. నెగ్గిన అలుగు మీద పిడి దగ్గర చిన్న ఇత్తడి బిళ్ల పొదిగి, చుట్టూ ఆరు మొనల నక్షత్రం వేసి, బిళ్ల మీద పరీక్షలో నెగ్గిందన్న మాట కొట్టించాడు. 1854 నుంచి అలుగు వెన్ను మీద వరుస సంఖ్య వేసి, ఏ సంఖ్య ఎవరికి అమ్మారో పుస్తకంలో రాయించాడు. సర్కారు ఇవ్వని హామీని ఒక దుకాణదారు ఇచ్చాడు. అందుకు ఎక్కువ ధర కూడా పుచ్చుకున్నాడు, అందులో తప్పేమీ లేదు.

ఇక మిగతావాళ్లు ఏం చేశారో ఊహించగలరా? ఆ నక్షత్రాన్నీ బిళ్లనూ కాపీ కొట్టారు. (నవ్వులు) పరీక్ష చేయడానికి యంత్రం కావాలి, మనుషులు కావాలి, విరిగిన అలుగుల నష్టం భరించాలి. బిళ్ల పొదగడానికి ఒక ఇత్తడి ముక్క చాలు. కాబట్టి విక్టోరియా కాలపు కత్తి మీద ఆ బిళ్ల కనిపించినంత మాత్రాన అది పరీక్షలో నెగ్గిందని అనుకోవద్దు.

1853లో బర్మింగ్‌హామ్‌కు చెందిన చార్లెస్ రీవ్స్ ఒక పేటెంటు తీసుకున్నాడు. మామూలు కత్తిలో తోక ఎలుక తోకలా సన్నగా చెక్క పిడి మధ్యలోంచి పోతుంది. రీవ్స్ ఆ తోకను పిడి వెడల్పంతా ఉంచి, రెండు పక్కలా పట్టు ముక్కలు పెట్టి మేకులు బిగించాడు. విల్కిన్సన్ దుకాణం ఈ పద్ధతిని తీసుకుంది. విరగడం అంటూ జరిగితే సాధారణంగా పిడి మొదట్లోనే జరుగుతుంది, కాబట్టి ఇది నిజమైన మెరుగుదల. కానీ ఖరీదు ఎక్కువ, బయటికి పెద్ద తేడా కనిపించదు. అందువల్ల దాన్ని కొన్నది ఎక్కువగా యుద్ధం చూసినవాళ్లు, చూడబోతున్నవాళ్లు. భారతదేశంలో పనిచేసే అధికారులు అలాంటివి అడిగి మరీ చేయించుకున్నారు. ఎవరి మీద వాడటానికి అన్నది మీకు నేను చెప్పనక్కర్లేదు. 1857 జూలై 17న ఇదే ఊళ్లో, కోఠీలో బ్రిటిష్ ప్రతినిధి ఉండే రెసిడెన్సీ భవనం మీదికి తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు అవతలి పక్క అధికారుల నడుముకు వేలాడినవి ఈ తరం కత్తులే. పనితనాన్ని మెచ్చుకోవడం వేరు, అది ఎవరికి కొమ్ము కాసిందో మరిచిపోవడం వేరు.

హైదరాబాదు పేరు వచ్చింది కాబట్టి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇప్పుడే చెబుతాను. కెప్టెన్ లూయీ నోలన్ అని 15వ హుస్సార్స్ అనే బ్రిటిష్ అశ్విక దళం అధికారి. క్రిమియా యుద్ధంలో 1854 అక్టోబరు 25న బాలక్లావా దగ్గర లైట్ బ్రిగేడ్ అనే బ్రిటిష్ అశ్విక దళాన్ని చావులోకి పంపిన ఆజ్ఞను మోసుకెళ్లింది ఈయనే. మొదట చనిపోయిన వాళ్లలోనూ ఈయన ఉన్నాడు. అంతకు ఏడాది ముందు, 1853లో, అశ్విక దళం గురించి రాసిన రచనలో భారతదేశంలో తాను విన్న ఒక పోరు గురించి చెప్పాడు. నిజాం అశ్వికులు కొందరు తిరుగుబాటుదారుల గుంపుతో తలపడ్డారు. వైద్యుడు పంపిన నివేదికలో గాయాల వివరం చూసి నోలన్ నివ్వెరపోయాడు. తలలు, చేతులు ఒక్క వేటుకు తెగిపడ్డాయి. తన దళం మనుషులు ఎంత బలంగా కొట్టినా అలాంటి గాయాలు కావే! ఈ నిజాం కత్తులు ఏ ఉక్కుతో చేశారో, ఏ విద్య నేర్పారో తెలుసుకోవాలని వెళ్లాడు.

తీరా చూస్తే అవి ఇంగ్లీషు అలుగులే! బ్రిటిష్ అశ్విక దళం పాతబడ్డాయని పారేసిన అలుగులు. 1796 నమూనావి అని ఆయుధాల చరిత్ర రాసేవాళ్లు చెబుతారు. నిజాం మనుషులు వాటికి తమ పద్ధతిలో చిన్నవైన, కాస్త చదునైన లోహపు పిడులు వేసుకున్నారు. మొదలు నుంచి మొన దాకా మంగలి కత్తిలా నూరారు. చెక్క ఒరల్లో పెట్టుకున్నారు. పోరులో తప్ప ఎప్పుడూ దూయరు. కొట్టడం ఎలా నేర్పుతారు అని నోలన్ ఒక ముసలి అశ్వికుణ్ణి అడిగాడు. నేర్పేదేమీ లేదు, పదునైన కత్తి ఎవరి చేతిలోనైనా తెగుతుంది అని అతను జవాబిచ్చాడు.

ఇంగ్లీషు దళాల కత్తులు ఎందుకు తెగలేదో ఇప్పుడు అర్థమైందా? వాళ్ల ఒరలు ఇనుపవి. రోజూ కవాతులో దూయడం, దోపడం. గుర్రం నడుస్తుంటే లోపల అలుగు గలగలమంటూ ఒరకు రాసుకోవడం. ఎంత నూరి పెట్టినా నాలుగు రోజుల్లో మొద్దుబారేది. షెఫీల్డ్ మూస ఉక్కూ, నీలం రంగు దగ్గర ఆపిన నేర్పూ, నక్షత్రం బిళ్లా అన్నీ ఒర దగ్గర ఓడిపోయాయి. ఒరకు లోపల చెక్క పట్టీలు వేయించుకునే తెలివి కొందరికి వచ్చింది, మంచి దుకాణాలు అలా చేసి ఇచ్చేవి కూడా. కానీ గలగల శబ్దం అంటే కవాతు మైదానంలో ఒక హోదా. దాన్ని వదులుకోవడం అంత సులభం కాదు. పదాతిదళ అధికారుల్లో కెప్టెన్, అంతకన్నా కింది హోదాల వాళ్లకు నల్లటి తోలు ఒర ఉండేది. అలుగుకు అది మేలే, కానీ వానకు నానేది, కుట్లు ఊడేవి. 1866లో వాళ్లకూ ఉక్కు ఒర ఇచ్చారు. కెప్టెన్ నోలన్ రాసింది పదమూడేళ్లు ముందే అచ్చయిందని గుర్తు చేస్తున్నాను.

మన ఉక్కు సంగతి చెప్పకపోతే మీరు నన్ను ఇంటికి పోనివ్వరు. (నవ్వులు) ఈ నేలలో తయారైన మూస ఉక్కుకు లోకమంతా పేరు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం గురించి భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ కళ్లారా చూసి రాశాడు. రెండు వేర్వేరు చోట్ల తీసిన ఇనుమును కలిపి మూసల్లో పెట్టి రాత్రింబవళ్లు కొలిమిలో కాచేవారని, దాన్ని కొనడానికి ఇరాన్ నుంచి వర్తకులు వచ్చి అక్కడే మకాం పెట్టేవారని చెప్పాడు. ఆ రచన 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మరోవైపు బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ పంపిన ఉక్కు ముద్దల మీద జార్జ్ పియర్సన్ 1795లో లండన్ రాయల్ సొసైటీకి నివేదిక ఇచ్చాడు. విద్యుత్తు విషయంలో మనకు తెలిసిన మైకేల్ ఫారడే కూడా కత్తెరలు, కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి 1820 ప్రాంతంలో దాన్ని పోలిన ఉక్కు చేయాలని ప్రయోగాలు చేశాడు. మన హెన్రీ విల్కిన్సన్ కూడా ఊరుకోలేదు. ఇలాంటి మూస ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల మీద నీటి అలల్లాంటి ఆ గీతలు ఎందుకు వస్తాయో వివరిస్తూ 1837లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు.

అయితే ఒక మాట. ఈ కత్తి మన ఉక్కుతో చేసింది కాదు. అలా చెప్పేవాళ్లు ఉన్నారు, చప్పట్లు కూడా కొట్టించుకుంటారు. అధికారుల కత్తులు షెఫీల్డ్ ఉక్కువే. మన ఉక్కులో కర్బనం చాలా ఎక్కువ. మరీ ఎర్రగా కాల్చి కొడితే ముక్కలైపోతుంది. తక్కువ వేడి మీద ఓపికగా కొట్టే చెయ్యి కావాలి. సమంగా ఒకేలాంటి వేల అలుగులు కావాలన్న దుకాణానికి అది కుదరదు. భారతదేశంలో ఉండే కొందరు అధికారులు మాత్రం ఇక్కడి అలుగు కొని దానికి ఇంగ్లీషు పిడి వేయించుకున్నారు. అలాంటివి మ్యూజియాల్లో కనిపిస్తాయి.

తర్వాతి కథ త్వరగా చెబుతాను. 1885 జనవరిలో సూడాన్‌లో అబూ క్లియా దగ్గర జరిగిన పోరులో సైనికుల బాయ్‌నెట్లు వంగిపోయాయని పెద్ద గోల లేచింది. పార్లమెంటు దాకా పోయింది. అవి సర్కారు ఇచ్చిన ఆయుధాలు. అప్పుడు గానీ ఉక్కు పరీక్ష అన్నది దేశమంతా మాట్లాడుకునే విషయం కాలేదు. అధికారుల కత్తి విషయానికి వస్తే, 1892లో వంపు తీసేసి అలుగును తిన్నగా, పొడవడానికి మాత్రమే పనికొచ్చేలా మార్చారు. 1895లో ఇత్తడి కమ్మీలు పోయి ఉక్కు రేకు గార్డు వచ్చింది. దాని అంచు బట్టలను చింపుతోందని 1897లో లోపలి అంచును కిందికి మడిచారు. మళ్లీ కోటు! ఆ 1897 నమూనానే ఇవాళ్టికీ బ్రిటిష్ పదాతిదళ అధికారులు కవాతులో పట్టుకుంటారు. చేతిని నిజంగా కాపాడే గార్డు, పొడవడానికి నిజంగా పనికొచ్చే అలుగు వచ్చేసరికి అధికారి రెండో చేతిలో రివాల్వరు ఉంది, ఎదుట మెషిన్‌గన్ ఉంది. విల్కిన్సన్ సంస్థ 2005లో కత్తుల తయారీ మానేసింది.

ఇక మీ ప్రశ్నలు.

(సభలో ఒకరు: అలుగు మీద సంఖ్య ఉంటే అది ఎవరి కత్తో తెలుసుకోవచ్చా అండీ?)

విల్కిన్సన్‌ది అయితే చాలావరకు తెలుసుకోవచ్చండీ. అమ్మకాల పుస్తకాలు చాలామటుకు మిగిలాయి. సంఖ్యను బట్టి ఏ సంవత్సరం పరీక్షించారో, ఎలాంటి అలుగో, చాలాసార్లు కొన్నవాడి పేరేమిటో దొరుకుతాయి. అయితే వెన్ను మీద సంఖ్య ఉందా, పిడికి దగ్గరగా ఉందా, అరిగిందా అని ముందు చూసుకోవాలి. దర్జీ దుకాణపు కత్తులకు ఇలాంటి జాడ దాదాపు ఉండదు. వాటిలో వంశచిహ్నమో పేరు మొదటి అక్షరాలో ఉంటే, వాటిని సైనికాధికారుల జాబితాలతో పోల్చి చూడటమే దారి. ఒకే అక్షరాలు గల ఇద్దరు ముగ్గురు తేలితే అక్కడ ఆగిపోవాలి. మనకు నచ్చిన పేరు పెట్టుకోకూడదు.

(ఒక మహిళ: మా ఇంట్లో తాతగారి నాటి కత్తి ఒకటి ఉంది. ఇత్తడి పిడి, తోలు ఒర. తుప్పు పట్టింది. శుభ్రం చేయవచ్చా?)

చేయవచ్చు అమ్మా, కానీ పూజ సామాను తోమినట్టు తోమవద్దు. చింతపండు, నిమ్మకాయ, ఇసుక కాగితం, ఇత్తడి మెరుగు పెట్టే పొడి ఏదీ వద్దు. పిడి సందుల్లో మిగిలి ఉన్న బంగారు పూత ఒక్క ఆదివారం మధ్యాహ్నంలో పోతుంది. అలుగు మీది లతలు ఎంత పైపైన ఉంటాయో ఇందాక చెప్పాను, గట్టిగా రుద్దితే అవీ పోతాయి. మెత్తటి గుడ్డకు కొద్దిగా కుట్టుమిషను నూనె రాసి తుడవండి, ఎర్ర తుప్పు పొడి ఎంత వస్తే అంతే రానివ్వండి. నల్లబడిన చోట్లను వదిలేయండి. తర్వాత వట్టి చేత్తో అలుగును ముట్టుకోవద్దు, చెమటలో ఉప్పు ఉంటుంది. ఇంకొకటి, తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలు పదును చేసేటప్పటి ఆమ్లాలు కూడా అందులో మిగిలి ఉంటాయి. అందుకని కత్తిని ఒరలో దాచవద్దు. రెంటినీ పక్కపక్కనే విడివిడిగా పెట్టండి.